లాటిన్ చట్టాల్లోని ‘సీ’ వాక్యాలను తెలుగులో ఎలా చెప్పాలి?

నిదానం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను న్యాయశాస్త్ర విద్యార్థిని. లాటిన్ సొంతంగా నేర్చుకుంటూ, రోమన్ చట్టంలోని చిన్న చిన్న భాగాలను నా అభ్యాసం కోసం తెలుగు చేస్తున్నాను. మొదటి మెట్టు మీదనే కాలు జారింది. క్రీ.పూ. 451-450 నాటి పన్నెండు ఫలకాల చట్టం ఈ మాటలతో మొదలవుతుంది: ‘సీ ఇన్ యూస్ వొకత్, ఈతో. నీ ఇత్, అంతెస్తామినో. ఇగితుర్ ఎమ్ కపితో.’ నా దగ్గరున్న ఇంగ్లీషు అనువాదంలో ఇది ‘వాది ప్రతివాదిని న్యాయస్థానానికి పిలిచిన పక్షంలో ప్రతివాది వెళ్ళవలెను, అతడు వెళ్ళకుంటే వాది సాక్షులను పిలవవలెను, ఆ తరువాత అతణ్ణి పట్టుకోవలెను’ అన్న ధోరణిలో ఉంది. మూలంలో మాత్రం వాది లేడు, ప్రతివాదీ లేడు. ఉన్నవన్నీ క్రియలే.

నా ఇబ్బంది రెండు విధాలుగా ఉంది. లేని కర్తలను నేను తెచ్చి పెట్టాలా వద్దా అన్నది ఒకటి. దానికంటే పెద్దది ఏమిటంటే, షరతును చెప్పే ‘సీ’ అన్న మాట తరువాత లాటిన్‌లో వర్తమానం, భవిష్యత్తు, పూర్ణ భవిష్యత్తు (అప్పటికి పూర్తయి ఉండే పనిని చెప్పేది), సంభావనార్థకంలోని (ఊహను చెప్పే క్రియారూపంలోని) రకరకాల రూపాలు వస్తుండగా, నేను అన్నింటికీ ‘-తే’ అని రాసి ఊరుకుంటున్నాను. ఎక్కడో ఏదో జారిపోతోందన్న అనుమానం ఉంది కానీ, ఆ జారిపోయేది ఏమిటో పట్టుకోలేకపోతున్నాను.

వ్యాకరణపిచ్చి

కర్తల విషయంలో మీరు అనవసరంగా ఇంగ్లీషు భారాన్ని మోస్తున్నారని నా అభిప్రాయం. కర్త లేకుండా వాక్యం నిలబడదు కనుక ఇంగ్లీషువారు ‘అతడు’ అని చేర్చవలసి వచ్చింది, తీరా ఆ ‘అతడు’ ఎవరో తెలియక వాదినీ ప్రతివాదినీ కూడా తెచ్చుకోవలసి వచ్చింది. మనకు ఆ అవసరం లేదు. ‘కోర్టుకు పిలిస్తే వెళ్ళాలి’ అని తెలుగులో అంటే, పిలిచేది ఒకరు, వెళ్ళేది మరొకరు అని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ‘పిలిస్తే వెళ్ళాలి. వెళ్ళకుంటే సాక్షుల్ని పిలవాలి. అప్పుడు పట్టుకోవాలి.’ మూలంలో ఉన్న పొట్టితనం, ఆ అడుగుల చప్పుడు అలాగే వచ్చాయి కదా! ‘ఈతో’, ‘కపితో’ అన్న విధి రూపాలు మధ్యమ పురుషకూ ప్రథమ పురుషకూ ఒకటే. మన ‘వెళ్ళాలి’ కూడా అంతే, నేను వెళ్ళాలి, నువ్వు వెళ్ళాలి, వాడు వెళ్ళాలి. ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఎక్కడ దొరుకుతుంది?

తమ చిన్నతనంలో పిల్లలు ఈ పన్నెండు ఫలకాలను తప్పనిసరి పద్యంలా కంఠస్థం చేసేవారని రోమన్ వక్త సిసిరో రాసుకున్నాడు. కంఠస్థం చేయవలసిన దానిలో కర్తలను కూరిస్తే నోరు తిరగదు.

రోమక పాఠకుడు

పై మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను, అయితే ఒక హెచ్చరిక చేయాలి. ఎనిమిదో ఫలకంలోని దొంగతనపు నియమం చూడండి: ‘సీ నొక్స్ ఫుర్తుమ్ ఫాక్సిత్, సీ ఇమ్ ఒక్కీసిత్, యూరే కైసుస్ ఎస్తో.’ రాత్రి దొంగతనం చేస్తే, వాణ్ణి చంపితే, న్యాయంగా చంపబడినవాడే కావాలి. మొదటి ‘సీ’కి కర్త దొంగ, రెండో ‘సీ’కి కర్త ఇంటి యజమాని, చివరి క్రియకు మళ్ళీ దొంగ. మధ్యలో సముచ్చయం (‘మరియు’ వంటి మాట) ఒక్కటీ లేదు. రెండు ‘సీ’లు పక్కపక్కన నిలబడినా వాటి పని ఒకటి కాదు: మొదటిది సందర్భాన్ని చెబుతుంది, రెండోది ఆ సందర్భంలో జరిగిన పనిని చెబుతుంది. అందుచేత ‘రాత్రి దొంగతనం చేస్తుండగా చంపితే’ అని మొదటి షరతును కరిగించడం అర్థానికి హాని చేయదు. నేను మాత్రం అలా కరిగించను. మెట్టు మెట్టుగా నడిచే ఆ వరుసే ఆ చట్టపు ఆలోచనా పద్ధతి.

ఇక క్రియా రూపాల సంగతి. ‘ఫాక్సిత్’, ‘ఒక్కీసిత్’, అలాగే ‘సీ మెంబ్రుమ్ రుప్సిత్, నీ కుమ్ ఎఓ పాకిత్, తాలియో ఎస్తో’ (అవయవాన్ని విరిస్తే, రాజీ పడకుంటే, అంతకు అంత జరగాలి) లోని ‘రుప్సిత్’ పాతకాలపు రూపాలు. తరువాతి లాటిన్‌లో వీటి స్థానంలోకి ‘ఫేకెరిత్’, ‘ఒక్కీదెరిత్’ వంటివి వచ్చాయి. క్రీ.పూ. 3వ శతాబ్దానికి చెందినదని సాధారణంగా చెప్పే అక్విలియా చట్టం మొదటి అధ్యాయంలో ఇతరుల బానిసనో పశువునో ‘సీ క్విస్ … ఇనియూరియా ఒక్కీదెరిత్’, అంటే ఎవరైనా అన్యాయంగా చంపితే, ఆ ఏడాదిలో దానికి పలికిన అత్యధిక ధరను యజమానికి చెల్లించాలని ఉంది. ఆ ‘ఒక్కీదెరిత్’ పూర్ణ భవిష్యత్తా, సంభావనార్థకమా అన్నది ప్రథమ పురుషలో రూపాన్ని చూసి చెప్పలేము. ఉత్తమ పురుషలో మాత్రమే ‘ఒక్కీదెరో’, ‘ఒక్కీదెరిమ్’ అని వేరుపడతాయి. చట్టం ఎప్పుడూ ఉత్తమ పురుషలో మాట్లాడదు కనుక ఆ తేడా బయటపడే అవకాశమే లేదు. చట్టాల విషయంలో దీన్ని పూర్ణ భవిష్యత్తుగానే తీసుకోవడం సబబు: ముందు చంపడం పూర్తి కావాలి, ఆ తరువాతే చెల్లింపు. ఇక్కడ తెలుగు ‘చంపితే’ చక్కగా సరిపోతుంది. కాబట్టి ‘-తే’ వల్ల జారిపోయింది ఏమీ లేదు, ఈ వాక్యాల వరకు.

పాతదస్తావేజు

నాకు లాటిన్ రాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేశాను కనుక షరతు వాక్యాలతో మాత్రం చాలా కాలం కాపురం చేశాను. మా రాతల్లో ‘-తే’ అసలు కనబడదు. ‘గడువులోగా బాకీ మొత్తం చెల్లించని యెడల’, ‘ఇందుకు భిన్నముగా ఏదైనా తకరారు కలిగిన పక్షమున’ అని రాస్తాం. మీరు చట్టాన్ని తెలుగు చేస్తున్నారు కనుక ‘పిలిచిన యెడల వెళ్ళవలెను’ అంటే తూకంగా ఉంటుందేమో ఆలోచించండి.

అయితే కర్తను వదిలేయడం మా వృత్తిలో మహాపాపం. ఒక అమ్మకపు ఒప్పందంలో ‘రిజిస్ట్రేషన్ చేయించుకొనని యెడల బయానా వాపసు రాదు’ అని మరొకరు రాసిన వాక్యాన్ని పట్టుకొని, చేయించుకోవలసింది ఎవరు, చేయించవలసింది ఎవరు అని రెండు కుటుంబాలు నాలుగేళ్ళు తిరగడం నేను కళ్ళారా చూశాను. ‘కొనుగోలుదారు’ అన్న ఒక్క మాట చేరి ఉంటే ఆ తిరుగుడు తప్పేది.

నిదానం

పాతదస్తావేజు గారూ, మీ ‘యెడల’ నాకు నచ్చింది కానీ పన్నెండు ఫలకాలకు అది బరువేమోనని అనిపిస్తోంది. అక్విలియా చట్టానికి వాడతాను.

రోమక పాఠకుడు గారూ, ‘ఈ వాక్యాల వరకు’ అని మీరు ఆగిపోవడం చూస్తే, జారిపోయే చోటు మరెక్కడో ఉందన్నమాట. నన్ను ఎక్కువగా తికమక పెట్టింది రోమన్ న్యాయపండితుడు గాయస్ నాలుగో పుస్తకంలోని దావా సూత్రం, అంటే ఏది తేల్చాలో న్యాయనిర్ణేతకు చెప్పే వాక్యం. ‘సీ క్వెమ్ హొమినెమ్ ఔలుస్ అగేరియుస్ ఏమిత్ ఎత్ ఇస్ ఏయీ త్రాదితుస్ ఎస్త్, అన్నో పొస్సేదిస్సెత్, తుమ్ సీ ఎఉమ్ హొమినెమ్ … ఎక్స్ యూరే క్విరీతియుమ్ ఏయుస్ ఎస్సె ఒపోర్తేరెత్.’ దీన్ని నేను ‘ఔలుస్ అగేరియుస్ ఏ బానిసనైనా కొంటే, అతణ్ణి అప్పగిస్తే, ఏడాది ఉంచుకుంటే…’ అని మొదలుపెట్టాను. మూడు ‘-తే’లు వరుసగా వచ్చాయి, అర్థం మాత్రం రాలేదు.

రోమక పాఠకుడు

జారిపోయే చోటుకు మీరే వచ్చారు. ముందుగా ఒక చిన్న సవరణ. ‘సీ’ తరువాత ‘క్విస్’ వస్తే ‘ఎవరైనా’ అని మనం పాఠ్యపుస్తకాల్లో నేర్చుకుంటాం, అందుకే మీరు ‘సీ క్వెమ్’ను ‘ఏ బానిసనైనా’ అని చదివారు. ఇక్కడ ఆ ‘క్వెమ్’ సంబంధ సర్వనామం. ‘ఏ బానిసను కొన్నాడో’ అన్నది లోపలి ఉపవాక్యం. ‘సీ’కి అసలు క్రియ చాలా దూరంలో ఉన్న ‘పొస్సేదిస్సెత్’.

ఇప్పుడు క్రియల రంగులు చూడండి. ‘ఏమిత్’ (కొన్నాడు), ‘త్రాదితుస్ ఎస్త్’ (అప్పగించబడ్డాడు) రెండూ నిశ్చయార్థకాలు, అంటే జరిగినదాన్ని జరిగినట్టే చెప్పేవి. ‘పొస్సేదిస్సెత్’, ‘ఒపోర్తేరెత్’ రెండూ సంభావనార్థకాలు. ఇది అలంకారం కోసం చేసిన మార్పు కాదు. రోమన్ చట్టంలో కొన్ని వస్తువులు కొన్నంత మాత్రాన పూర్తిగా మన సొత్తు కావు. తగిన లాంఛనం జరగకపోతే, చరాస్తిని ఏడాది, భూమిని రెండేళ్ళు అనుభవంలో ఉంచుకున్నాకే హక్కు సిద్ధిస్తుంది. ఆ ఏడాది నిండకముందే వస్తువు చేజారితే కొన్నవాడి గతేమిటి? అలాంటివాడి కోసం ప్రేటర్ అనే రోమన్ న్యాయాధికారి ఈ పుబ్లీకియానా దావాను ఏర్పాటు చేశాడు. న్యాయనిర్ణేతకు అతడు చెబుతున్నది ఇది: కొన్నాడా, అప్పగించారా అన్నవి నువ్వు విచారించి తేల్చు, ఏడాది నిండిందా అని మాత్రం విచారించకు, నిండలేదని మనకు తెలుసు, నిండినట్టే అనుకో. ఏది రుజువు కావాలి, ఏది ఊహించుకోవాలి అన్న విభజన అంతా క్రియల రూపంలోనే ఉంది. విదేశీయుడి మీదో, విదేశీయుడి తరఫునో దొంగతనపు దావా నడపవలసి వచ్చినప్పుడు ‘అతడు రోమన్ పౌరుడై ఉంటే’ అని పెట్టే కల్పన కూడా ఇదే పద్ధతి.

మీరు మూడింటికీ ‘-తే’ పెట్టగానే ఆ విభజన చెరిగిపోయి, మూడూ రుజువు చేయవలసిన అంశాలైపోయాయి. అలాగైతే ఏ వాదీ ఈ దావా గెలవడు.

ఒక పక్కమాట: వాదికి పెట్టే ఔలుస్ అగేరియుస్, ప్రతివాదికి పెట్టే నుమేరియుస్ నెగిదియుస్ అన్నవి నిజమైన మనుషుల పేర్లు కావు. మొదటిది దావా వేయడమన్న ధాతువు నుంచి, రెండోది డబ్బు లెక్కపెట్టడం, కాదనడం అన్న ధాతువుల నుంచి అల్లినవి. మన లెక్కల పుస్తకాల్లో రాముడూ సోముడూ ఉన్నట్టు, వీళ్ళు దావా సూత్రాల్లో ఉంటారు.

వ్యాకరణపిచ్చి

ఇది చదివాక రెండు రోజులు ఈ వాక్యం మీదే కూర్చున్నాను. మన వ్యాకరణాలు ‘చేస్తే’ రూపాన్ని చేదర్థకం అంటాయి, సంస్కృతంలోని ‘చేత్’ నుంచి వచ్చిన పేరు. ‘చేసినా’ను అప్యర్థకం అంటాయి. చేదర్థకానికి కాలం లేదు, పురుష లేదు, వచనం లేదు. అయితే తెలుగుకు కల్పనను చెప్పే శక్తి లేదనుకోవడం పొరపాటు. ‘వర్షం పడి ఉంటే నేల తడిగా ఉంటుంది’ అంటే పడిందో లేదో తెలియదు. ‘వర్షం పడి ఉంటే పంట పండేది’ అంటే పడలేదు. ఉపవాక్యం రెండింటిలోనూ ఒక్కటే. తేడా అంతా ప్రధాన క్రియలో, ఆ ‘పండేది’లో ఉంది. లాటిన్ తన కల్పనను రెండు చోట్లా గుర్తు పెడుతుంది, మనం చివర మాత్రమే పెడతాం.

చిక్కు ఎక్కడంటే, దావా సూత్రంలో చివరి క్రియ ‘శిక్షించు’ అన్న ఆజ్ఞ. ఆజ్ఞకు ‘-ఏది’, ‘-ఏవాడు’ తగిలించలేం. కానీ అదృష్టవశాత్తు మధ్యలో రెండో ‘సీ’ ఉంది, దాని క్రియ ‘ఒపోర్తేరెత్’ ఉంది. మన గుర్తును అక్కడ పెట్టవచ్చు. నా ప్రయత్నం ఇది: ‘ఔలుస్ అగేరియుస్ ఏ బానిసను కొన్నాడో, ఎవరిని అతనికి అప్పగించారో, ఆ బానిసను ఏడాది పాటు అనుభవంలో ఉంచుకొని ఉంటే, అప్పుడు ఆ బానిస క్విరీటుల హక్కు ప్రకారం అతని సొత్తే అయ్యేవాడైతే…’ (క్విరీటులంటే రోమన్ పౌరులు.) ఈ ‘అయ్యేవాడైతే’లో ‘అయ్యేవాడు’ కల్పనను చెబుతుంది, ‘-ఐతే’ న్యాయనిర్ణేత ముందున్న షరతును చెబుతుంది. ‘కొన్నాడో’, ‘అప్పగించారో’ అన్నవి జరిగిన సంగతులుగా నిలిచాయి.

రోమక పాఠకుడు

‘అయ్యేవాడైతే’ చాలా బాగుంది. నేనైతే ఇంగ్లీషులోనూ ఇంత సూటిగా చెప్పలేకపోయాను.

అయితే మీ వర్షం ఉదాహరణ మరో చోట అగ్నిపరీక్షకు నిలవాలి. జస్టీనియన్ చక్రవర్తి ‘ఇన్‌స్టిట్యూట్స్’ అనే న్యాయ పాఠ్యపుస్తకం (క్రీ.శ. 533) మూడో పుస్తకంలో నోటి మాట ఒప్పందాల గురించి చెబుతూ రెండు షరతులను పోలుస్తారు. ‘తీతియుస్ కాన్సుల్ అయిన పక్షంలో ఐదు బంగారు నాణేలు ఇస్తానని మాటిస్తావా?’ (కాన్సుల్ రోములో ఒక ఉన్నత పదవి) అన్నదానిలో క్రియ పూర్ణ భవిష్యత్తు, ‘ఫుఎరిత్ ఫక్తుస్’. ఇది అసలైన షరతు. ఆ సంఘటన జరిగేదాకా అప్పు వేలాడుతూ ఉంటుంది. ‘తీతియుస్ కాన్సుల్‌గా ఉండినట్లయితే’ అన్నదానిలో క్రియ భూతకాలం, ‘ఫుఇత్’. ఇది చట్టం దృష్టిలో వేలాడే షరతే కాదు. అతడు కాన్సుల్ అయి ఉంటే ఒప్పందం ఆ క్షణం నుంచే చెల్లుతుంది, కాకపోతే ఆ క్షణంలోనే చెల్లదు. ఆ నిజం మాట్లాడుకున్న ఇద్దరికీ తెలియకపోయినా సరే, లోకంలో అది ఇప్పటికే తేలిపోయింది. క్రియ కాలం మారితే అప్పు పుట్టే తేదీ మారుతోంది. ‘తీతియుస్ కాన్సుల్ అయితే’ అని రెండింటికీ రాస్తే ఆ పాఠమే మాయమవుతుంది.

వ్యాకరణపిచ్చి

‘కాన్సుల్ అయితే ఇస్తావా’, ‘కాన్సుల్ అయి ఉంటే ఇస్తావా’. ఇక్కడ ప్రధాన క్రియ ‘ఇస్తావా’ కనుక రెండోది కల్పన కాదని తెలిసిపోతుంది. ‘ఇచ్చేవాడివా’ అంటేనే కల్పన. నిలిచిందనే అనుకుంటున్నాను.

సీమ వకీలు

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. షరతు చట్టంలో ఎంత పని చేస్తుందో చూపడానికి మన కోర్టుల్లోంచే ఒక మాట. పాతదస్తావేజు గారు రాసి ఉండే ప్రామిసరీ నోటులో ‘తమరు కోరిన తక్షణం తమకు గాని తమ అనుమతి పొందిన వారికి గాని చెల్లించగలవాడను’ అని ఉంటుందే తప్ప ‘యెడల’ ఉండదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆ వాగ్దానం షరతు లేనిదై ఉండాలి. ఫలానా ఆమెతో నా పెళ్ళైన ఏడు రోజులకు 500 రూపాయలు ఇస్తానని రాస్తే అది ప్రామిసరీ నోటు కాదని ఆ సెక్షన్ కిందే ఉదాహరణ ఉంది.

ఇంతకంటే సరదా అయినది అసాధ్యమైన షరతు. ‘నా వేలితో ఆకాశాన్ని తాకితే ఇస్తావా?’ అని అడిగి పుచ్చుకున్న మాట చెల్లదని గాయస్ రాశాడు. మన 1872 కాంట్రాక్ట్ చట్టం 36వ సెక్షన్ దీనికి తమ్ముడే: రెండు సరళరేఖలు ఒక స్థలాన్ని చుట్టుముట్టితే వెయ్యి రూపాయలు ఇస్తానన్న ఒప్పందం చెల్లదు. వేలు పోయి జ్యామితి వచ్చింది, అంతే.

వీలునామా దగ్గర మాత్రం దారులు చీలాయి. అసాధ్యమైన షరతుతో ఆస్తి రాసిస్తే, ఆ షరతును రాయనట్టే భావించి ఆస్తి ఇప్పించాలని సబీనియన్ పండితులు, ఒప్పందం లాగే అదీ చెల్లదని ప్రోక్యులియన్లు వాదించారు; ఇవి రోమన్ న్యాయశాస్త్రంలో పోటీపడిన రెండు పండిత వర్గాలు. గాయస్ సబీనియనే అయినా, ఒప్పందానికీ వీలునామాకూ ఇంత తేడా ఎందుకుండాలో సరైన కారణం చెప్పడం కష్టమని నిజాయితీగా ఒప్పుకున్నాడు. జస్టీనియన్ సబీనియన్ల పక్షం తీసుకున్నాడు. మన 1925 వారసత్వ చట్టం 126వ సెక్షన్ మాత్రం గంటలో వంద మైళ్ళు నడవాలన్న షరతుతో రాసిన ఆస్తి చెల్లదంటుంది, అంటే ఓడిపోయిన ప్రోక్యులియన్ల మాటే ఇక్కడ నెగ్గింది.

పాతదస్తావేజు

వకీలు గారు వీలునామా ఎత్తారు కనుక అడుగుతున్నాను. ‘నాకు మగ సంతానం కలిగి, ఆ బిడ్డ మైనారిటీ తీరకుండా గతించిన యెడల, నా ఆస్తి ఫలానా వారికి చెందవలెను’ అని ఒకాయన రాయించాడనుకోండి. బిడ్డే పుట్టలేదు. అప్పుడు ఆ ఫలానా వారికి వస్తుందా? ఇలాంటివి రాసేటప్పుడు ‘కలగని యెడల గాని, కలిగి గతించిన యెడల గాని’ అని రెండూ చేర్చమని మా గురువుగారు పట్టుబట్టేవారు.

రోమక పాఠకుడు

మీ గురువుగారు రోములో ఉండి ఉంటే ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యం తప్పేది! మీరు అడిగింది అక్షరాలా క్రీ.పూ. 90ల దశకంలో నడిచిన కురియుస్ వ్యాజ్యం. తన మరణానంతరం పుట్టబోయే కొడుకు వారసుడు కావాలని, ఆ కొడుకు యుక్తవయసు రాకముందే చనిపోతే కురియుస్ వారసుడు కావాలని ఒకాయన రాశాడు. కొడుకు పుట్టలేదు. దాయాది కొపోనియుస్ ఆస్తి తనదన్నాడు. అతని పక్షాన క్వింతుస్ ముకియుస్ స్కైవొలా, కురియుస్ పక్షాన లుకియుస్ క్రాసుస్ నిలబడ్డారు, ఇద్దరూ క్రీ.పూ. 95లో కలిసి కాన్సుల్ పదవి చేసినవారే. పుట్టనివాడు చనిపోలేడు కనుక షరతు నెరవేరలేదని స్కైవొలా అక్షరాన్ని పట్టుకున్నాడు. కొడుకు లేకపోతే కురియుస్‌కు చెందాలన్నదే రాసినవాడి మనసు కదా అని క్రాసుస్ వాదించాడు. కురియుస్ గెలిచాడు. సిసిరో ఈ కథను ఒకటికి రెండు చోట్ల చెప్పుకున్నాడు.

తెలుగులో ఆ షరతును రాసేటప్పుడు జాగ్రత్తపడాలి. ‘కొడుకు పుట్టి చనిపోతే’ అని క్త్వార్థకంతో రాస్తే స్కైవొలా వైపు మొగ్గినట్టవుతుంది. ‘కొడుకు పుడితే, వాడు ముందే చనిపోతే’ అని విడివిడిగా ఉంచితే మూలంలోని సందు అలాగే మిగులుతుంది. ఆ సందు లేకపోతే వ్యాజ్యమే అర్థం కాదు.

తీరిక

ఒక చిన్న ప్రశ్న అడగవచ్చునా? ‘సీ క్విస్’ను పాత తెలుగు చట్టాల ధోరణిలో ‘ఎవడైనను’ అని రాసేవారిని చూశాను. క్విస్ పుంలింగమేనా?

రోమక పాఠకుడు

రూపం పుంలింగం లాగే కనిపిస్తుంది కానీ, ‘సీ క్విస్’ అన్న మాట మగవారినీ ఆడవారినీ కూడా కలుపుకొంటుందని రోమన్ న్యాయపండితుడు ఉల్పియన్ చెప్పాడు. పండితుల రాతలను జస్టీనియన్ కూర్పించిన సంకలనం ‘డైజెస్ట్’లో మాటల అర్థాల కోసం కేటాయించిన అధ్యాయం, అంటే యాభయ్యో పుస్తకం పదహారో శీర్షిక, సరిగ్గా ఆ వాక్యంతోనే మొదలవుతుంది. కాబట్టి ‘ఎవరైనా’ అనండి, లేదా దస్తావేజు పద్ధతిలో ‘ఎవరైనను’ అనండి. ‘ఎవడైనను’ అన్నది ఉల్పియన్ మాటకే విరుద్ధం.

నిదానం

అందరికీ ధన్యవాదాలు. సవరించిన ముక్కలు కింద ఇస్తున్నాను.

పన్నెండు ఫలకాలు: ‘న్యాయస్థానానికి పిలిస్తే వెళ్ళాలి. వెళ్ళకుంటే సాక్షుల్ని పిలవాలి. అప్పుడు పట్టుకోవాలి.’

అవయవభంగం: ‘అవయవాన్ని విరిస్తే, వానితో రాజీ పడకుంటే, అంతకు అంత జరగాలి.’

అక్విలియా చట్టం: ‘ఎవరైనను ఇతరుల బానిసను గాని, మందలోని నాలుగుకాళ్ళ పశువును గాని అన్యాయముగా చంపిన యెడల, ఆ సంవత్సరములో దానికి పలికిన అత్యధిక విలువను యజమానికి చెల్లింపవలెను.’

పుబ్లీకియానా దావాకు వ్యాకరణపిచ్చి గారి వాక్యాన్నే వారి అనుమతితో ఉంచుతున్నాను. రెండో ముక్కలో లాటిన్ ‘నీ’కి ‘రాజీ పడితే తప్ప’ అనాలా అని కొంత ఊగిసలాడాను.

రోమక పాఠకుడు

‘పడకుంటే’ అనే ఉంచండి. ‘తప్ప’ అంటే అంతకు అంత తీర్చుకోవడమే అసలు మార్గమనీ, రాజీ దానికి మినహాయింపనీ ధ్వనిస్తుంది. ‘పడకుంటే’లో ముందు రాజీకి చోటిచ్చి, అది కుదరనప్పుడే రెండో మెట్టు ఎక్కినట్టుంది. మూలంలోని వరుస కూడా అదే.